సుద్దకొండల ఊట, ఇచెన్ నది చేపలు

దక్షిణ ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ కౌంటీలో, చెరిటన్ అనే పల్లెకు దక్షిణాన ఉన్న పొలాల్లో పుట్టి, మొదట ఉత్తరానికి, ఆల్రెస్‌ఫర్డ్ దాటాక పడమటికి, వించెస్టర్ చేరువలో దక్షిణానికి మళ్లి, చివరకు సౌతాంప్టన్ దగ్గర సముద్రపు పాయలో కలిసే ఇచెన్ నది పొడవు నలభై కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ మాత్రమే. గోదావరిని, కృష్ణను చూసిన కళ్లకు ఇది వాగు కింద లెక్క. అయినా గాలంతో చేపలు పట్టడాన్ని ఒక విద్యగా, ఇంచుమించు ఒక శాస్త్రంగా పెంచుకున్న ఆ దేశంలో ఈ వాగుకున్న ప్రతిష్ఠ ఎన్నో పెద్ద నదులకు లేదు. దీని వెంట సాగే ‘ఇచెన్ వే’ అనే కాలిబాట మీద నడిచేవారికి దారి చూపే పుస్తకాలు వంతెనలను, పిండిమిల్లులను, ప్రాచీన చర్చిలను, 1644 మార్చిలో చెరిటన్ దగ్గర జరిగిన అంతర్యుద్ధపు పోరును ఓపికగా వర్ణిస్తాయి కాని, ఆ యుద్ధభూమి కింద నిలిచి ఉన్న నీటి గురించి దాదాపు ఏమీ చెప్పవు. నదిలోని చేప బతుకు ఆధారపడినది మాత్రం ఆ కనిపించని నీటి మీదే.

ఆ నీటిని అర్థం చేసుకోవడానికి ముందు అక్కడి కొండలను చూడాలి. వాటిని కొండలనడం కూడా కొంత అతిశయమే. గడ్డి కప్పిన, గుండ్రని, ఎత్తు తక్కువ మిట్టలవి. పైనున్న పలుచని మట్టిని కాలిబూటుతో కాస్త గీకితే తెల్లటి సుద్ద బయటపడుతుంది. క్రెటేషియస్ యుగపు చివరి భాగంలో, అంటే దాదాపు 10 కోట్ల ఏళ్ల నుంచి 6.6 కోట్ల ఏళ్ల క్రితం దాకా సాగిన కాలంలో, వెచ్చని సముద్రంలో తేలిన సూక్ష్మమైన నాచుజీవుల సున్నపు పెంకులు అడుక్కు చేరి, వందల మీటర్ల మందాన పేరుకొని, ఈ సుద్దరాయిగా గట్టిపడ్డాయి. ఈ రాతిలో మూడో వంతు దాకా ఖాళీ రంధ్రాలే ఉంటాయి. అయితే అవి ఎంత సన్నవంటే వాటిలో నిలిచిన నీరు సులువుగా కదలదు, వేగంగా కదిలే నీరంతా రాతిని అడ్డంగా, నిలువుగా చీల్చిన పగుళ్ల గుండానే నడుస్తుంది. నీటిని ఇలా తనలో నిలుపుకొని, మళ్లీ బయటికి ఇవ్వగల శిలను భూగర్భ శాస్త్రంలో జలధారక శిల అంటారు.

వేసవిలో పడిన వాన చాలావరకు గడ్డికి, పైరుకు, ఎండకు సరిపోతుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా పడే వానే మట్టిని తడిపి, మిగిలి, రాతిలోకి ఇంకుతుంది. అలా ఇంకిన నీరు లోపల ఎంత ఎత్తున నిలిచిందో దాన్ని భూగర్భ నీటిమట్టం అంటారు. శీతకాలం చివరికి అది పైకి లేస్తుంది, శరదృతువుకు అట్టడుగుకు దిగుతుంది. లోయ ఎక్కడ ఆ మట్టం కంటే కిందికి కోసుకుపోయిందో అక్కడ నీరు ఊటగా బయటికి వస్తుంది. వాన లేని రోజుల్లోనూ నదిని నడిపించే ఇలాంటి భూగర్భ ధారకు ఆధార ప్రవాహమని పేరు. ఇచెన్ ఏడాది పొడవునా మోసే నీటిలో పదింట తొమ్మిది వంతులకు పైగా ఇదే. వాన పడిన గంటలోనే ఉప్పొంగి, మర్నాటికి తగ్గిపోయే వాగుల తీరు దీనికి లేదు. జనవరిలో పడిన వాన ప్రభావం ఏప్రిల్లో చెరిటన్ ఊటల్లో కనిపించవచ్చు. దీని చెడు రూపం కూడా హాంప్‌షైర్‌కు తెలుసు: 2014 శీతకాలంలో వానలు వెలిశాక కూడా వారాల తరబడి నేల కింది నీరు ఇళ్ల గచ్చుల గుండా పైకి వచ్చింది. నేలలో చాలాకాలం ఆగి, రాతితో సమానమైన వేడికి వచ్చాక బయటపడే నీరు కనుక, ఊట దగ్గర దాని ఉష్ణోగ్రత జనవరిలోనైనా జూలైలోనైనా 10, 11 డిగ్రీల సెల్సియస్ చుట్టూనే ఉంటుంది. ఇలాంటి సుద్దవాగులు ప్రపంచంలో రెండు వందలకు పైగా ఉన్నాయని, వాటిలో 85 శాతం ఇంగ్లండ్‌లోనే ఉన్నాయని సాధారణంగా చెబుతారు. మిగిలినవి ఎక్కువగా ఉత్తర ఫ్రాన్స్‌లో, డెన్మార్క్‌లో ఉన్నాయి.

చెరిటన్‌లో నది పుట్టుక చూడాలని వెళ్లినవారికి చెప్పుకోదగ్గ దృశ్యమేదీ దొరకదు. జలపాతం లేదు, గుండం లేదు, గుడి అసలే లేదు. పచ్చికబయలు పల్లంలో నేల చిత్తడిగా మారి, ఆ చిత్తడి ఒక సన్నని పాయగా కూడి, పల్లె ఇళ్ల మధ్య చిన్న చిన్న వంతెనల కింద పారడం మొదలవుతుంది. పైగా ఈ పుట్టుకచోటు స్థిరమైనది కాదు: నీటిమట్టం లేచిన ఏడు లోయలో ఎగువకు జరుగుతుంది, వానలు తప్పిన ఏడు దిగువకు దిగుతుంది. ఇలా ఏడాదిలో కొన్ని నెలలు మాత్రమే పారే ఎగువ పాయలను అక్కడివారు ‘వింటర్‌బోర్న్’లంటారు. ఎండిన కాలంలో అవి గడ్డి మొలిచిన పల్లాల్లాగే కనిపిస్తాయి కనుక, పరాయివాడు వాటిని వాగులని గుర్తుపట్టలేడు. కాని నీరొచ్చిన శీతకాలంలో ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టడానికి వాటిలోకి ఎక్కే సందర్భాలున్నాయి. ఆ పిల్లలు నీరు తగ్గేలోపు దిగువకు జారుకోవాలి. నీటిమట్టం ఒక నెల ముందుగా పడిపోతే ఆ తరం చేప అక్కడే ఆగిపోతుంది.

ఆల్రెస్‌ఫర్డ్ పట్టణం చుట్టూ సుద్ద ఊటల ఉష్ణోగ్రతను మనుషులు ఎలా వాడుకున్నారో కనిపిస్తుంది. అక్కడ తక్కువ లోతు మడుల్లో ఊటనీటిని పారించి వాటర్‌క్రెస్ అనే ఘాటైన ఆకుకూరను పండిస్తారు. 1865లో వచ్చిన రైలుమార్గం ఆ కూరను లండన్‌కు మోసి మోసి, నేటికీ ‘వాటర్‌క్రెస్ లైన్’ అనే పేరుతోనే పర్యాటకులను తిప్పుతోంది. దిగువన, వించెస్టర్ వైపు, పదిహేడో శతాబ్దం నుంచి రైతులు నది పక్కని పచ్చికబీళ్ల మీద చలికాలంలో పలుచగా నీరు పారించేవారు. గాలి గడ్డకట్టించే చలిలో ఉన్నా ఊటనీరు దానికంటే వెచ్చనిది కనుక, గడ్డి మంచుకు మాడకుండా ముందుగా మొలిచి, ఎండుగడ్డి అయిపోయే రోజుల్లో గొర్రెలకు అందేది. మనిషికి కూరగా, గొర్రెకు గడ్డిగా పనికొచ్చిన ఈ నిలకడే చేపకు ప్రాణాధారం.

దీన్ని స్పష్టంగా చూడగల చోటు ఓవింగ్టన్ పల్లె దగ్గరి కాలివంతెన. చెరిటన్ వాగు, ఆల్ర్ వాగు, క్యాండోవర్ వాగు అప్పటికే ఒకటై ఉంటాయి కనుక, ఇక్కడికి వచ్చేసరికి ఇచెన్ నిజంగా నది అనిపించుకుంటుంది. రాతి గుండా వడకట్టుకొని వచ్చిన నీరు కావడంతో ఎంత తేటగా ఉంటుందంటే, వంతెన కటకటాల మీదికి వంగి చూసేవారికి అడుగున ఉన్న గులకరాళ్ల గోధుమ, తెలుపు, నలుపు రంగులు విడివిడిగా తెలుస్తాయి. వాటి మీద పొడవైన పచ్చని జుట్టులా పారే వైపుకే వాలి ఊగేది నీటి రానంక్యులస్ అనే మొక్క. మే, జూన్ నెలల్లో దాని తెల్లపూలు నీటి మీద పరచుకుంటాయి. ఆ మొక్కల కుదుళ్ల మధ్య సన్నని వడి పాయలు ఏర్పడతాయి. ఒక్కో పాయ మొదట్లో ఒక్కో బ్రౌన్ ట్రౌట్, ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి, తోకను అప్పుడప్పుడూ కదిలిస్తూ, ఉన్నచోటనే నిలిచి ఉంటుంది. దాని నీడ గులకరాళ్ల మీద పడుతుంది. కొన్నిసార్లు చేప కనిపించకముందు నీడే కనిపిస్తుంది. ఎగువనుంచి కొట్టుకొచ్చే పురుగు అందినప్పుడు అది పక్కకు జరిగి, నోరు తెరిచి మూసి, మళ్లీ పాత చోటికే వస్తుంది. సున్నం నిండిన నీటిలో మంచినీటి రొయ్యపురుగులు, నత్తలు, మేఫ్లై పిల్లలు సమృద్ధిగా పెరుగుతాయి కనుక, దానికి తిండి కోసం తిరగవలసిన పని తక్కువ.

ట్రౌట్, సాల్మన్ చల్లని నీటి చేపలు. నీరు 20 డిగ్రీలు దాటేసరికి వాటికి ఇబ్బంది మొదలవుతుంది, 22, 23 డిగ్రీల దగ్గర సాల్మన్ పిల్లలు తినడం మానేస్తాయి, ఆపైన ప్రాణానికే ముప్పు. నీరు వెచ్చబడే కొద్దీ దానిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. అదే సమయంలో చేప శరీరానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. 2022 జూలై 19న ఇంగ్లండ్‌లో చరిత్రలో మొదటిసారి 40 డిగ్రీల ఎండ కాసింది. అలాంటి రోజుల్లో కూడా ఊటనీరు నేలలోంచి తన మామూలు చల్లదనంతోనే వస్తుంది. నది అడుగున ఊటలు తేలే చోట్లు, చెట్ల నీడ పడే మడుగులు చేపలకు వేసవి ఆశ్రయాలవుతాయి. చలికాలంలో ఇదే ఊట తిరగేసి మేలు చేస్తుంది: 5 డిగ్రీల నీటిలో రెండున్నర నెలలు దాటే ట్రౌట్ గుడ్డు, 10 డిగ్రీల నీటిలో దాదాపు ఆరు వారాల్లో పొదుగుతుంది. స్కాట్లండ్ చలి నదుల్లో సాల్మన్ పిల్ల సముద్రానికి బయలుదేరడానికి సాధారణంగా రెండు మూడేళ్లు పడితే, సుద్ద నదుల్లో ఎక్కువ పిల్లలు ఏడాదికే సిద్ధమవుతాయి.

గుడ్లు పెట్టే చోటు గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే భూగర్భజలానికీ చేపకూ ఉన్న సంబంధంలో అతి సున్నితమైన ఘట్టం అక్కడే ఉంది. నవంబరు నుంచి జనవరి దాకా ఆడచేప ఒక పక్కకు ఒరిగి, తోకతో గులకరాళ్లను కొట్టి గుంట చేసి, అందులో గుడ్లు విడిచి, మగచేప వాటిని ఫలింపజేశాక ఎగువనున్న రాళ్లను కదిపి గుంటను పూడ్చుతుంది. చుట్టూ నాచు పట్టిన రాళ్ల మధ్య కొత్తగా తిరగబడిన ఈ రాళ్లు లేతరంగు కోలమచ్చగా కనిపిస్తాయి. తెలిసినవారు వంతెన మీదినుంచే వాటిని లెక్కపెట్టగలరు. అరచేతి లోతు నుంచి జానెడు లోతు దాకా పాతిన ఆ గుడ్లు వారాల పాటు ఊపిరి తీసేది పైన పారే నది నుంచి కాదు, గులకరాళ్ల సందుల్లో మెల్లగా కదిలే నీటి నుంచి. నదిగర్భం కింద, నది నీరూ నేల నీరూ కలిసే ఈ పొరను శాస్త్రజ్ఞులు ప్రత్యేకమైన జలమండలంగా చూస్తారు. తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతేమీ కాదు: ఎండాకాలంలో పెన్నలోనో పాపఘ్నిలోనో ఇసుక తోడి చెలమ తీసినవారికి, పైన నది లేకపోయినా కింద నది ఉంటుందని తెలుసు. ఇచెన్‌లో తేడా ఒక్కటే, ఆ కింది నీటిలో ఒక తరం చేప పొదుగుతూ ఉంటుంది.

అయితే భూగర్భజలం ఉన్నచోటల్లా చేపకు మేలే జరుగుతుందన్న మాట నిజం కాదు. నేలలో చాలాకాలం నిలిచిన నీటిలోని ఆక్సిజన్‌ను రాళ్లు, సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు వాడేసుకోవచ్చు. స్కాట్లండ్‌లో డీ నదికి ఉపనది అయిన గిర్నాక్ బర్న్‌లో జరిపిన పరిశోధనలు, ఆక్సిజన్ కొరవడిన భూగర్భజలం గులకరాళ్లలోకి ఊరే చోట్ల సాల్మన్ గుడ్లు పెద్ద సంఖ్యలో చనిపోతాయని చూపాయి. కెనడాలో బ్రూక్ ట్రౌట్ దీనికి విరుద్ధంగా ఊట తేలే చోట్లనే వెతుక్కుని గుడ్లు పెడుతుంది. అమెరికాలోని మొంటానాలో బుల్ ట్రౌట్ ఇంకా గడుసుగా ప్రవర్తిస్తుంది: మొత్తం మీద ఊటలున్న లోయను ఎంచుకొని, ఆ లోయలో మాత్రం పైనీరు రాళ్లలోకి దిగే చిన్న మిట్టల దగ్గర గుంట తవ్వుతుంది. అంటే లెక్కకు వచ్చేది నీటి పరిమాణం ఒక్కటే కాదు, ఆ నీరు ఏ రాతిలోంచి, ఎంత కాలానికి, ఏ దిశలో వస్తోందన్నది కూడా. పైన బంకమట్టి మూయని సుద్దరాతిలో నీటికి ఆక్సిజన్ చాలావరకు మిగిలే ఉంటుంది, ఇచెన్ అదృష్టం అది. దాని దురదృష్టమేమంటే, ఉధృతమైన వరదలు రావు కనుక పొలాలనుంచి, రోడ్లనుంచి వచ్చి చేరిన ఒండ్రును ఎత్తుకుపోయే బలం ఈ నదికి తక్కువ. ఒండ్రు గులకరాళ్ల సందులను పూడిస్తే గుడ్డుకు ఊపిరి ఆడదు. ఊటల ధార తగ్గిన ఏడు ఒండ్రు మరింతగా కూర్చుంటుంది.

ఓవింగ్టన్‌కు ఎగువన కలిసే క్యాండోవర్ వాగు లోయలో, 1970లలో గొట్టపుబావులు తవ్వి, కరువు వచ్చినప్పుడు నేలలోని నీటిని తోడి వాగులోకి వదిలే ఏర్పాటు చేశారు. 1975–76 కరువులో ఒక శీతకాలమంతా నేలలోకి నీరు చేరక నదులు ఎలా కుంచించుకుపోయాయో చూసిన తరానికి ఆ ఆలోచన సహజమే. కాని వాగుకు రేపు తానుగా రావలసిన నీటినే ఈ బావులు ఇవాళ తోడి పోస్తాయి. బావికీ నదికీ మధ్య ఉన్న ఈ లెక్కను అమెరికన్ భూగర్భజల శాస్త్రవేత్త చార్లెస్ థీస్ 1940లోనే తేల్చి చెప్పాడు. బావి తోడిన నీరు మొదట నేలలోని నిల్వనుంచి వస్తుంది; కాలం గడిచేకొద్దీ అది ఊటలకు, వాగులకు చేరవలసిన నీటిలోంచి కోతగా మారుతుంది. బావి నదికి దూరంగా ఉంటే ఆ కోత నెలలకో ఏళ్లకో నదిలో తెలుస్తుంది, కాని తెలియక మానదు. నదిని ఒక శాఖ, బావిని మరో శాఖ చూసిన దేశాల్లో ఈ చిన్న సూత్రాన్ని మరిచిపోయిన ఖరీదును చేపలే కట్టాయి.

వించెస్టర్ నగరంలో ప్రవేశించే ముందు నది ఆబట్స్ బార్టన్ పచ్చికబీళ్ల గుండా వెళ్తుంది. వృత్తిరీత్యా న్యాయవాది అయిన జి.ఇ.ఎం. స్క్యూజ్ దశాబ్దాల పాటు ఇక్కడే గాలం వేసి, ట్రౌట్ నీటిపైన కంటే నీటిలోపలే ఎక్కువగా తింటుందని గమనించి, 1910లో ఒక పుస్తకంతో గాలపు లోకంలో పెద్ద తగాదానే లేపాడు. అదే లోకానికి ఆదిపురుషుడనదగిన ఐజాక్ వాల్టన్ 1683లో చనిపోయి వించెస్టర్ కెథీడ్రల్‌లో సమాధి అయ్యాడు. ఆ కెథీడ్రల్‌కు వెళ్లే సందర్శకులు వాల్టన్ సమాధినీ జేన్ ఆస్టిన్ సమాధినీ చూసి వచ్చేస్తారు. నేలమాళిగలోకి తొంగి చూసినవారికి మాత్రం ఇచెన్ లోయ అసలు కథ కనిపిస్తుంది. నీటిమట్టం లేచే శీతకాలాల్లో ఆ నేలమాళిగ నీటితో నిండుతుంది, అక్కడ నిలబెట్టిన ఆంటనీ గోర్మ్‌లీ శిల్పం కాళ్లు మునిగి ఉంటాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గోడలు బీటలు వారినప్పుడు, పునాదుల కోసం తవ్విన గోతులన్నీ నేలనీటితో నిండిపోవడం వల్ల, విలియమ్ వాకర్ అనే గజ ఈతగాడిని దించవలసి వచ్చింది. 1906 నుంచి 1911 దాకా అతను బరువైన డైవింగ్ దుస్తుల్లో, దాదాపు ఆరు మీటర్ల లోతున, ఏమీ కనిపించని మురికినీటిలో చేతి స్పర్శతో పనిచేస్తూ, 25,800 కాంక్రీటు సంచులను పునాది కింద పేర్చాడు. ఆ నీటిని ముందుగా తోడేసి ఉంటే మొత్తం కట్టడమే కుంగేదని ఇంజనీర్ల భయం. నీటిని తోడితే పైనున్నది కుంగుతుందన్న తర్కాన్ని చర్చి విషయంలో వెంటనే గ్రహించినవారు, నది విషయంలో గ్రహించడానికి మరో వందేళ్లు తీసుకున్నారు.

నగరానికి దక్షిణాన ట్వైఫర్డ్ దగ్గర, కొండవాలున, 1898లో మొదలైన పంపింగ్ కేంద్రం ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉంది. 1914 నాటి ఆవిరియంత్రం, గట్టినీటిని మెత్తబరచడానికి సుద్దను కాల్చిన సున్నపు బట్టీలు చూపరులకు ముచ్చట గొలుపుతాయి. అదే ఆవరణలో కరెంటు పంపులు నేటికీ సుద్దలోని నీటిని తోడుతున్నాయి. హాంప్‌షైర్ పట్టణాల తాగునీటిలో పెద్ద భాగం ఇలాంటి బావులనుంచి, ఇచెన్, టెస్ట్ నదులనుంచి వస్తుంది. ఇలా నీరు తోడే అనుమతులపై 2018లో బహిరంగ విచారణ జరిగి, 2019లో వాటిని బిగించారు: ఆల్‌బ్రూక్, హైబ్రిడ్జ్ కొలత కేంద్రాల దగ్గర ఇచెన్ ప్రవాహం రోజుకు 19.8 కోట్ల లీటర్ల కంటే కిందికి పడకూడదన్నది హద్దు. హద్దు పెట్టడం మంచి పనే. కాని కరువు అనుమతుల పేరిట దాన్ని దాటే దారి కూడా చట్టంలోనే ఉంది, కరువు వచ్చిన ఏడే చేపకు ఆ నీరు ఎక్కువగా కావాలి.

పరిమాణాన్ని సరిచేసినా మిగిలే చిక్కు మరొకటుంది. నీటిమట్టానికి పైన ఉన్న సుద్దరాతిలో రంధ్రాల గుండా దిగే నీరు ఏడాదికి ఇంచుమించు ఒక మీటరు మాత్రమే కదులుతుంది. కొండ కింద నీరు యాభై మీటర్ల లోతున ఉందనుకుంటే, అక్కడి పొలాల్లో యాభై ఏళ్ల క్రితం ఎక్కువగా చల్లిన ఎరువుల నైట్రేటు ఇప్పుడిప్పుడే ఊటలకు చేరుతోందన్నమాట. ఈనాటి రైతు ఎంత జాగ్రత్తపడినా ఆ ఫలితం ఓవింగ్టన్ వంతెన కింద కనిపించేసరికి అతని మనుమలు సేద్యం చేస్తుంటారు.

సౌతాంప్టన్ అంచున వుడ్‌మిల్ దగ్గర ఆటుపోట్లు మొదలై, మంచినీటి ఇచెన్ ముగుస్తుంది. అట్లాంటిక్ నుంచి తిరిగొచ్చే సాల్మన్ ఇక్కడే నదిలోకి ఎక్కాలి. ఊటలు తగ్గిన వేసవుల్లో ధార సన్నబడి, నీరు వెచ్చబడి, చేప ఉప్పునీటిలోనే ఆగి వేచి ఉంటుంది. ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఫ్రోమ్, పిడిల్, ఏవన్, టెస్ట్, ఇచెన్ అనే సుద్ద నదుల సాల్మన్‌లు బ్రిటన్‌లోని మిగతా సాల్మన్‌ల కంటే జన్యుపరంగా వేరైనవి; ఇవి పోతే మరో నదినుంచి తెచ్చి భర్తీ చేసే వీలు లేదు. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం గ్రేట్ బ్రిటన్ సాల్మన్‌ను ప్రమాదంలో ఉన్న జీవిగా వర్గీకరించింది. ఇచెన్, టెస్ట్ నదుల మీద భారం తగ్గించడానికి హావంట్ దగ్గర కొత్త జలాశయాన్ని తలపెట్టారు. దాన్ని నింపేది కూడా సుద్ద ఊటలే, కాకపోతే శీతకాలంలో వాటిలో మిగిలే నీరు.

ఇచెన్‌ను చూడదలచిన తెలుగువారు లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి గంటకు కొంచెం ఎక్కువ సేపట్లో వించెస్టర్ చేరవచ్చు. ఊటలు నిండుగా ఉండేది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో. గుడ్ల గుంటలు కనిపించేది డిసెంబరు, జనవరిలలో. ఈ చలికాలమంతా, వసంతం మొదలయ్యేదాకా, ఫొటో కోసమైనా సరే నదిలోకి దిగి గులకరాళ్ల మీద నడవకండి. ఆ రాళ్ల కింద గుడ్లో, ఇంకా బయటికి రాని పిల్లలో ఉంటాయి.